ఎత్తకముందే స్తోత్రం

స్తోత్రం. కొండల కడుపులో ఇనుమును దాచిపెట్టిన దేవునికి స్తోత్రం. ఆ ఇనుమును మెత్తబరిచే నిప్పును మనిషి చేతికి అందనిచ్చినవానికి స్తోత్రం. మోయగలిగిన బరువులు మాకు అప్పగించి, మోయలేని బరువును సిలువ మీద తానే మోసిన ప్రభువుకు స్తోత్రం. ఇంకా నేనేమీ చెప్పలేదు. ఎవరు నెగ్గారో, ఎవరు ఓడారో మీకు తెలియదు. అయినా ముందు ఈ మాట, తర్వాతే పని. మా షెడ్డులో వరుస ఇదే. ఈ వరుస మార్చుకోమని నాకు చెప్పినవాళ్ళ గురించి, మార్చుకోనని నేను చెప్పిన సంగతి గురించి ఇది రాస్తున్నాను.

మాది విజయనగరం దిక్కు నుంచి రాయపూర్ వచ్చిన కుటుంబం. నాన్న రైలు వ్యాగన్లు బాగుచేసే ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డరు. అమ్మ నర్సు. రాయపూర్ అంచున మోవాలో అద్దె ఇల్లు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ, ఆదివారం తెలుగు ఆరాధన. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో ఊరు నాలుగు వైపులా పెరగసాగింది. ఎక్కడ చూసినా గోడౌన్లు, దుకాణాలు, ప్రహరీలు. కట్టిన ప్రతివాడికీ ఒక గేటు కావాలి, నెత్తిన రేకు కావాలి. నాన్న ఉద్యోగం మానేసి ఊరి పారిశ్రామికవాడ ఉర్లాలో ఒక పాత రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. మొదట గేట్లు, కిటికీ గ్రిల్లులు చేశాడు. తర్వాత ట్రస్సులకు ఎదిగాడు. ట్రస్సు అంటే గోడౌను కప్పు రేకులను మోసే త్రికోణపు ఇనుప చట్రం. దాన్ని నేల మీద పడుకోబెట్టి అతుకుతారు. అలా పడుకుని ఉన్నంతసేపూ ముగ్గులా తేలిగ్గా కనిపిస్తుంది. ఎత్తబోయినప్పుడే దాని సంగతి తెలుస్తుంది.

నలుగురు కలిసి ఎత్తాలంటే ఒక కేక కావాలి. అందరి ఊపిరీ ఒకేసారి బిగియాలి, అందరి నడుములూ ఒకేసారి లేవాలి. ఒక్కడు తొందరపడ్డా, ఒక్కడు వెనకబడ్డా ఆ బరువంతా ఎవడో ఒకడి కాలి మీదికి వస్తుంది. మిగతా షెడ్లలో ‘జోర్ లగాకే హైశా’ అంటారు. మా షెడ్డులో ‘స్తోత్రం’ అంటారు. ‘స్తో’ అన్నప్పుడు ఊపిరి పట్టాలి. ‘త్రం’ అన్నప్పుడు ఎత్తాలి. నాన్న గొంతులో ఆ రెండు ముక్కల మధ్య ఉండే చిన్న ఖాళీ నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. ఆ ఖాళీలో షెడ్డంతా నిశ్శబ్దమైపోయేది.

మా మనుషుల్లో క్రైస్తవులు లేరు. అందరూ చుట్టుపక్కల పల్లెల నుంచి సైకిళ్ళ మీద వచ్చే ఛత్తీస్‌గఢీ వాళ్ళు. వాళ్ళ నోట్లో ఆ మాట ‘సోత్రం’ అయింది. దాని అర్థం ‘ఎత్తు’ అని వాళ్ళు గట్టిగా నమ్మారు. తెలుగువాళ్ళు ఎత్తడాన్ని సోత్రం అంటారు, అంతే.

వాళ్ళలో పెద్దవాణ్ణి నేను కకా అని పిలుస్తాను. వాళ్ళ భాషలో బాబాయి అని. ఆయన నన్ను ఇప్పటికీ నోనీ అనే అంటాడు, చిన్నపిల్లను పిలిచినట్టు. ఒకసారి ఆయన స్టేషను బయట నిలబడి ఉంటే, బియ్యం మూట ముందు పెట్టుకుని ఒక ముసలమ్మ తెలుగులో గొణుక్కుంటోందట. కకాకు తనకొచ్చిన తెలుగు చూపించాలని సరదా పుట్టింది.

“అమ్మా, సోత్రం?” అన్నాడు, మూట వైపు చెయ్యి చూపించి.

ఆమె మా సంఘపు మనిషే. పరాయి ఊళ్ళో ఎవరో విశ్వాసి పలకరించాడనుకుని రెండు చేతులూ జోడించి, “స్తోత్రం బాబూ, స్తోత్రం!” అంది.

కకా మూట ఎత్తి భుజాన పెట్టుకుని ఆటోల వైపు నడిచాడు. ఆమె “చోర్, చోర్!” అని వెంటపడింది. జనం పోగయ్యారు. ఆ మధ్యాహ్నం కకా షెడ్డుకు వచ్చి నాన్న మీద విరుచుకుపడ్డాడు.

“సేఠ్, తోర్ భాఖా మ గడ్‌బడ్ హే! ఉఠావో అని ఆమే అంది, చోర్ అని ఆమే అరిచింది!”

ఎత్తమన్నదీ ఆమే, దొంగ అన్నదీ ఆమే, నీ భాషలోనే ఏదో తేడా ఉందని ఆయన ఫిర్యాదు. నాన్న నవ్వి నవ్వి వెల్డింగు అద్దం కింద పెట్టేశాడు. అప్పుడు నేను బడి నుంచి వచ్చి షెడ్డు మూల ఇనుప బల్ల మీద లెక్కలు చేసుకుంటున్నాను. నాకు తెలిసిన షెడ్డు ఇది. నాకు తెలిసిన స్తోత్రం కూడా ఇదే. గుడిలో వినిపించేదీ, షెడ్డులో వినిపించేదీ రెండు వేరు మాటలని నాకు ఎన్నడూ అనిపించలేదు.

నేను డిప్లొమా చదివి, శంకర్ నగర్‌లో ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో కొన్నాళ్ళు పనిచేశాను. ఏసీ గదిలో కూచుని పెద్దవాళ్ళ ఇళ్ళకు గేట్ల బొమ్మలు గీసేదాన్ని. ఈలోగా నాన్న చూపు మందగించింది. వెల్డింగు వెలుగును ఏళ్ళ తరబడి చూసిన కళ్ళు అవి. చివరికి గీసిన గీత కనిపించక, అతుకు పడాల్సిన చోటు తప్పి పక్కన పెట్టాడు. ఆ రోజు ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూచున్నాడు. నేను ఆఫీసు మానేసి షెడ్డుకు వచ్చేశాను.

వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. “భయ్యా నహీఁ హై?” అన్నయ్యో తమ్ముడో లేడా అని. లేడు. నేనొక్కదాన్నే. “పెళ్ళయితే షెడ్డు ఎవరు చూస్తారు?” నేనే చూస్తాను. “నీకు వెల్డింగు వచ్చా?” రాదు. అతుకు మంచిదో చెడ్డదో చెప్పడం వచ్చు. పాడైన ఎరూషలేము గోడను తిరిగి కట్టినవాళ్ళ పేర్లు లేఖనంలో వరుసగా ఉంటాయి. అందులో ఒకాయన పక్కన ఆయన కూతుళ్ళు కూడా కట్టారని రాసి ఉంది. గోడలూ గేట్లూ ఆడపిల్లలకు కొత్త కాదని నేను వాళ్ళకు చెప్పలేదు. చెబితే అర్థమయ్యేవాళ్ళు కాదు. నా మనసులో మాత్రం అది రోజూ మెదిలేది.

షెడ్డులో కేక వేసే హక్కు యజమానిది. నేను మొదటిసారి కేక వేసిన రోజు నా గొంతు పీలగా వచ్చింది. ఎవరూ కదల్లేదు.

“జోర్ సే నోనీ,” అన్నాడు కకా, చేతులు ఇనుము మీదే ఉంచి. “లోహా భైరా హే.”

ఇనుముకు చెవుడు, గట్టిగా అను. నేను గట్టిగా అన్నాను. ట్రస్సు లేచింది. ఆ క్షణంలో నేను ఎవరి కూతురినన్నది కాదు, నేను ఎవరన్నది నాకు తెలిసింది.

కొంతకాలానికి మాకు ఒక పెద్ద పని దొరికింది. మోవా దాటాక బిలాస్‌పూర్ రోడ్డు మీద ఒక గోడౌను. కట్టిస్తున్నది శంకర్ నగర్‌లో ఆఫీసున్న ఒక బిల్డరు. నాన్న లేకుండా నా పేరు మీద నేను తెచ్చుకున్న మొదటి పెద్ద పని అది. అదే రోడ్డు మీద ఆయన ఇంకా గోడౌన్లు కట్టబోతున్నాడు. ఇది బాగా చేస్తే అవీ నీకేనన్నాడు. ఆ పనులు చేతిలో ఉంటే షెడ్డు నిలబడినట్టే. ‘అమ్మాయి నడపలేదు, ఏదో ఒక రోజు అమ్మేస్తుంది’ అని ఉర్లాలో చెవులు కొరుక్కునేవాళ్ళకు అదే జవాబు.

పని మొదలైన వారం ఆయన నన్ను ఆఫీసుకు పిలిపించాడు. టీ తెప్పించాడు. మనిషి చెడ్డవాడు కాదు. నన్ను బేటా అనేవాడు, నాన్న ఆరోగ్యం అడిగేవాడు.

“బేటా, మీ వాళ్ళు ట్రస్సు ఎత్తేటప్పుడు ఏమిటది అరుస్తున్నారు?” అన్నాడు హిందీలో.

“ఎత్తే కేక అంకుల్‌జీ.”

“కేక అయితే మంచిదే. కానీ అది మీ చర్చి మాటట కదా?”

“అవును.”

ఆయన టీ కప్పు పక్కకు జరిపాడు. “టైమ్ ఖరాబ్ హై బేటా. పక్క ప్లాటాయన నన్ను అడిగాడు, ఇక్కడ గోడౌను కడుతున్నావా, ఇంకేమైనా కడుతున్నావా అని. నాకు నీ మీద అనుమానం లేదు. కానీ నాకు గొడవలు వద్దు.”

“మా వాళ్ళలో ఒక్కడు కూడా క్రైస్తవుడు కాదు అంకుల్‌జీ. వాళ్ళకు అది ‘ఎత్తు’ అనే మాట.”

“అది నీకు తెలుసు, నాకు తెలుసు. రోడ్డు మీద పోయేవాడికి తెలుసా? చూడు, మీ పాపా సంగతి వేరు. ఆయన మిస్త్రీ. నువ్వు చదువుకున్నదానివి, నెక్స్ట్ జనరేషన్. థోడా ప్రొఫెషనల్ బనో. వన్, టూ, త్రీ అనమను. దునియా అంతా అదే అంటుంది.”

నేను టీ తాగకుండా లేచి వచ్చాను.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘపెద్దల్లో ఒకాయన నన్ను గుడి మెట్ల దగ్గర ఆపాడు. ఆయనదీ మా దిక్కే. రైల్వేలో రిటైరయిన మనిషి. నేను పుట్టినప్పుడు ప్రార్థన చేసినవాడు.

“వందనాలంకుల్.”

“వందనాలు, వందనాలు. గాని అమ్మాయ్, మీ షెడ్డులో జరుగుతున్నదేటి? మొన్న ఆ బిలాస్‌పూర్ రోడ్డమ్మట వస్తూ నా చెవులారా విన్నాను. చెవిలో బీడీ పెట్టుకున్నోడొకడు, గుట్కా నమిలీవోడొకడు, అందరూ కలిసి స్తోత్రం అని కేకలు!”

“ఎత్తే ముందు గుట్కా ఊసేస్తారంకుల్. నోట్లో ఉంటే ఊపిరి నిలవదు.”

“హాస్యాలాడకు. దేవుని మాటను వ్యర్థంగా పలకకూడదని సండే స్కూల్లో పిల్లలకు నేర్పీదానివి నువ్వే కదా? పరిశుద్ధమైన మాటమ్మా అది. దేవుని కొలువులో దేవదూతలు అనే మాట. దాన్ని నువ్వు పట్టుకెళ్ళి లేబరోళ్ళ నోట్లో పెట్టీసావు.”

“నేను పెట్టలేదంకుల్. నాన్నప్పటి నుంచీ ఉంది.”

“మీ డాడీకి అప్పుడే చెప్పాను, వినలేదు. నువ్వైనా విను. పెద్దలం మాట్లాడుకున్నాం. అది మానిపించీదాకా పిల్లల క్లాసు ఇంకొకరు చూస్తారు. బస్, అంతే.”

ఒకే వారంలో ఇద్దరు. అది క్రైస్తవుల మాట కాబట్టి వదిలెయ్యమన్నాడు ఒకాయన. అన్యుల నోట్లో ఉంది కాబట్టి వదిలెయ్యమన్నాడు ఇంకొకాయన. ఒకరికొకరు ముఖపరిచయం కూడా లేనివాళ్ళు, నా దగ్గరికి వచ్చేసరికి ఒకే మాట మీద నిలబడ్డారు. అప్పుడు నాకు భయం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. పిల్లల క్లాసంటే నాకు ప్రాణం. ఆ గోడౌన్లు నాకు కావాలి. రెండూ పోకుండా ఉండాలంటే రెండు అక్షరాలు మార్చుకుంటే చాలు. ఇంత చిన్న కోరిక కోరినందుకే నాకు అంత కోపం.

ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూచుని నాన్నకు అంతా చెప్పాను. ఆయన నా పక్షాన లేచి నిలబడతాడని, ‘నేను మొదలెట్టిన మాటను ఆపమనడానికి వాళ్ళెవరు’ అంటాడని ఎదురుచూశాను. ఆయన చేపముక్కలోంచి ముల్లు తడిమి తీసి కంచం అంచున పెట్టాడు.

“నేను మొదలెట్టలేదమ్మా దాన్ని,” అన్నాడు.

“అదేంటి డాడీ? నీ మాటే కదా?”

“మాట నాదే. గాని నేను ఎత్తీసాక చెప్పీవోణ్ణి.”

నాకు అర్థం కాలేదు. ఆయన నెమ్మదిగా చెప్పాడు. వ్యాగన్ల దగ్గర పనిచేసేటప్పుడు ఒకడి పాదం ఇనుము కింద పడి నలగడం కళ్ళారా చూశాడట. అప్పటి నుంచి ఏ బరువు దించినా, అందరి కాళ్ళూ చేతులూ ఒకసారి చూసుకుని, స్తోత్రం ప్రభువా అనుకునేవాడట. పని అయ్యాక, ప్రమాదం తప్పాక చెప్పే కృతజ్ఞత అది. షెడ్డు పెట్టిన కొత్తలో మొదటి ట్రస్సు ఎత్తే రోజు, మనుషులు కొత్తవాళ్ళు, చేతులు ఇనుము మీద పెట్టి కేక కోసం ఆయన ముఖం చూస్తున్నారు. ఆయనకు ఆ నలిగిన పాదం గుర్తొచ్చింది. భయంతో నోటికి అదే మాట ముందే వచ్చేసింది.

“నేను భయపడి అన్నాను, వాళ్ళు అదే కేక అనుకుని ఎత్తీసారు. తర్వాత రోజూ చెప్పాను, ఒరే, ఇది ఎత్తడానికి కాదురా, ఎత్తీసాక చెప్పీది అని. వింటారేటి? మీ కకా ఏమన్నాడో తెలుసా? ‘బాద్ మ బోలే లే కా ఫాయదా, సేఠ్?’ అన్నాడు. అయిపోయాక చెబితే లాభమేటి అని.”

“నువ్వేమన్నావు?”

“ఏటంటాను? ఆ ఆదివారం గుడిలో కూచుంటే ప్రసంగం చెవికెక్కితే కదా! ఆ మాటే తిరిగింది బుర్రలో. నిజమే కదా తల్లీ. అంతా బాగా అయ్యాక స్తోత్రం ఎవడైనా చెప్తాడు. పుచ్చుకున్నాక చెప్పీది మర్యాద. ఏటవుతుందో తెలియకుండా ముందే చెప్పీదే విశ్వాసం. ఇన్నేళ్ళ ప్రసంగాల్లో నాకు ఎక్కనిది వాళ్ళు ఎక్కించీసారు. వాళ్ళకు తెలీదు వాళ్ళేం చెప్పారో. అందుకే సరిదిద్దడం మానీసాను.”

నేను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాను. ఇన్నాళ్ళూ నేను నాన్న వారసత్వాన్ని కాపాడుతున్నాననుకున్నాను. రెండో తరం అంటే తండ్రిది తీసుకుని దాచుకోవడమని అనుకున్నాను. కానీ నాన్న తనది కానిదే నాకిచ్చాడు. ఆయన మాటను వాళ్ళు తప్పుగా విన్నారు. ఆ తప్పును ఆయన వాళ్ళ దగ్గర నేర్చుకున్నాడు. అలా అయిందే మా షెడ్డు. దాని నుంచి వాళ్ళను తీసేస్తే మా షెడ్డు మిగలదు, ప్రభువును తీసేసినా మిగలదు.

“డాడీ, మానేస్తే ఏమవుతుంది?”

“ఏటవుతుంది? పని వస్తుంది, క్లాసు వస్తుంది,” అన్నాడు ఆయన. “షెడ్డు నీది. నోరు నీది. నన్నడక్కు.”

అడగలేదు. మర్నాడు సైటుకు వెళ్ళేసరికి బిల్డరు తన కారుతో సహా అక్కడే ఉన్నాడు. అప్పటికే అతికిన ట్రస్సును నేల మీద నుంచి ఇనుప స్టూళ్ళ మీదికి ఎత్తి రంగు వెయ్యాలి. తక్కువ ఎత్తే.

“క్యా సోచా బేటా?” అన్నాడు, ఏం ఆలోచించుకున్నావని.

“మార్చను అంకుల్‌జీ.”

“ఎందుకంత మొండితనం? ఒక్క మాట!”

“ఒక్క మాటే కదా, ఉండనివ్వండి.”

మా వాళ్ళు మా ఇద్దరి ముఖాలూ చూస్తున్నారు. ఆయన కాస్త ఇబ్బందిగా నవ్వి చేతులు దులుపుకున్నాడు. “హటో, నేను చూపిస్తాను. ఇదేమన్నా రాకెట్ సైన్సా?” అని ట్రస్సు ముందుకు వచ్చి నిలబడ్డాడు. పైకెక్కించే పని అయితే నేను ఒప్పుకునేదాన్ని కాదు. మోకాలెత్తు కాబట్టి పక్కకు తప్పుకున్నాను.

“వన్,” అన్నాడు ఆయన. “టూ. త్రీ!”

త్రీ అన్నప్పుడు కొందరు ఎత్తారు. త్రీ అన్న తర్వాత ఎత్తాలేమోనని కొందరు ఆగారు. ట్రస్సు ఒక వైపు లేచి, మెలిపడి, గుడ్డి ఎద్దులా పక్కకు తిరిగింది. “ఛోడ్, ఛోడ్!” అని కకా అరిచాడు. అందరూ ఒకేసారి వదిలి వెనక్కు దూకారు. ఇనుము పెద్ద చప్పుడుతో నేల మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక మూల పలక వంగింది. బిల్డరు బూట్ల నిండా దుమ్ము.

“త్రీ మ ఉఠానా హే, కె త్రీ కే బాద్ మ?” అని అడిగాడు కకా. త్రీ మీద ఎత్తాలా, తర్వాతా అని. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగాడు. కుర్రాళ్ళు మాత్రం ముఖాలు తిప్పుకుని నవ్వారు.

బిల్డరు బూట్లు దులుపుకుంటూ పక్కకు జరిగాడు. నేను ట్రస్సు దగ్గరికి వచ్చి నిలబడ్డాను. అందరూ వంగి పట్టుకున్నారు. నిజం చెప్పాలంటే నాకూ నాన్నలాగే భయం వేసింది. ఆ భయంలోనే అన్నాను.

“స్తో—”

షెడ్డులో ఉండే ఆ నిశ్శబ్దమే ఆ బయలులో కూడా వచ్చింది.

“—త్రం!”

లేచింది. స్టూళ్ళ మీద కూచుంది. దీన్ని నేను అద్భుతం అనను. ‘హైశా’ అన్నా లేచేదే, వాళ్ళకు అలవాటైన కేక ఏదైనా లేచేదే. ఆ మాట మంత్రమని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను. నేను చెప్పేదొక్కటే. వాళ్ళ ఒంట్లోకి దిగిన మాట అది. దాన్ని పీకేసే హక్కు ఆఫీసు గదికీ లేదు, గుడి మెట్లకూ లేదు.

“ఠీక్ హై,” అన్నాడు బిల్డరు కారు తలుపు తీస్తూ. “జల్దీ ఖతమ్ కరో.” పని త్వరగా ముగించమని. ఆ గోడౌను మేమే పూర్తిచేశాం. వంగిన పలక విప్పి కొత్తది వేశాం. తర్వాతి గోడౌన్లు ఆయన ఇంకొకరికి ఇచ్చాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పటికీ ఎదురుపడితే నాన్న ఆరోగ్యం అడుగుతాడు.

తర్వాతి ఆదివారం ఆ పెద్దాయన కోసం నేనే మెట్ల దగ్గర నిలబడ్డాను.

“అంకుల్, ఒక్క మాట అడుగుతాను. చనిపోయిన స్నేహితుడి సమాధి దగ్గరికి వెళ్ళినప్పుడు ప్రభువు మొదట ఏం చెయ్యమన్నాడు?”

“రాయి తీసీమన్నాడు,” అన్నాడు ఆయన, అనుమానంగా.

“తీసింది ఎవరు?”

“అక్కడున్నవాళ్ళు.”

“వాళ్ళు విశ్వాసులా?”

ఆయన బైబిలును ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకున్నాడు.

“లేఖనం చెప్పలేదంకుల్. ఏడవడానికి వచ్చిన ఊరివాళ్ళు. అంత రాయి ఎత్తాలంటే వాళ్ళకూ ఏదో ఒక కేక ఉండే ఉంటుంది. వాళ్ళు రాయి ఎత్తాక, లోపల చనిపోయి ఉన్నవాడు ఇంకా లేచి బయటికి రాకముందే, ఏమీ జరగకముందే, ప్రభువు తండ్రికి కృతజ్ఞత చెప్పాడు. మా షెడ్డులో ఉన్నవి ఆ రెండే. రాయి ఎత్తే చేతులు, ముందే చెప్పే కృతజ్ఞత. ఇందులో వ్యర్థం ఎక్కడుందో చూపించండి, మానేస్తాను.”

“వాక్యం మాకే చెప్తావేటి?” అన్నాడు ఆయన. గొంతులో కోపం ఉంది గాని, కళ్ళు నా మీద లేవు, మెట్ల మీద ఉన్నాయి. “నీకు నోరెక్కువైపోనాది.”

“ఇనుముకు చెవుడంకుల్. అలవాటైపోయింది.”

క్లాసు నాకు తిరిగి ఇవ్వలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటుంది. పిల్లలు నేర్చుకున్న పాటలు పాడుతుంటే వెనక చాప మీద కూచుని నేనూ పాడతాను. నన్ను ఎవరూ వెళ్ళిపొమ్మనలేదు. నేనూ వెళ్ళను. అది నా గుడి. ఇది నా షెడ్డు. రెండింటిలోనూ నాది ఒకటే గొంతు. ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉండమన్నవాళ్ళు నన్ను అడుగుతున్నది వ్యాపారం నేర్చుకోమని కాదు, భక్తి నేర్చుకోమని కాదు. నన్ను సగానికి కోసుకోమని.

ఆ పెద్ద గోడౌన్లు రాలేదు గాని పని ఆగలేదు. చిన్న షెడ్లు, రైస్‌మిల్లుల మరమ్మతులు, ఒక బడికి కప్పు. పెద్ద ట్రస్సులకు ఇప్పుడు హైడ్రా పిలుస్తాం. అది ఇనుమును కొక్కేనికి తగిలించుకుని ఎత్తుకుపోయే క్రేను బండి. దానికి మనుషుల ఊపిరితో పని లేదు. అయినా దాని డ్రైవరు, ఎక్కడో బీహారు నుంచి వచ్చినవాడు, లీవరు మీద చెయ్యి పెట్టి నా వైపు చూస్తాడు. “దీదీ, బోలియే.” అక్కా, అనండి అని. కకా వాడికి ముందే నేర్పేశాడు, తెలుగులో ఎత్తడాన్ని ఏమంటారో. నేను సరిదిద్దలేదు. నాన్న సరిదిద్దనిదాన్ని నేనెందుకు సరిదిద్దుతాను?

రేపు పొద్దున్న మళ్ళీ ఒక ట్రస్సు ఎత్తాలి. ఇరుకు సందు, హైడ్రా రాదు. మనుషులే ఎత్తాలి. కకాకు వయసైపోయింది, పక్కన కూచోమంటే కూచోడు. నాన్న తనను కూడా తీసుకెళ్ళమన్నాడు. కనిపించకపోయినా వింటానన్నాడు. అది ఎలా లేస్తుందో నాకు తెలియదు. అందుకే ఇప్పుడే మీతో కలిసి ఈ ప్రార్థన చేస్తాను.

ప్రభువా, ఆ చేతులను కాపాడు. ఆ పాదాలను కాపాడు. నీ మాటను దాని అర్థం తెలియకుండా పలికే నోళ్ళను అందరికంటే ముందు దీవించు. మాకు పని ఇవ్వనివారిని దీవించు. మమ్మల్ని మందలించినవారిని దీవించు. మా తల మాత్రం వంచకు, నీ ముందు తప్ప.

చదువుతున్న మీరు ఏ ఊళ్ళో ఉన్నా, ఏ సంఘానికి చెందినా, ఏ సంఘానికీ చెందకపోయినా, మీ ముందు కూడా ఏదో ఒక బరువు నేల మీద పడుకుని ఉండే ఉంటుంది. దాని మీద చేతులు వెయ్యండి. ‘స్తో’ అన్నప్పుడు ఊపిరి పట్టండి. మిగతా సగం నాతో కలిసి అనండి.